గొయ్యి తవ్వని ఊరు

నికాంద్రో పొద్దున్నే తీపి ఊట కోసం కిత్తలి మొక్క గుండెను గోకుతూ గోకుతూ దాని మీదికే ఒరిగిపోయాడు. భార్య మకారియా వెళ్లి చూసేసరికి మీసానికి ఆ ఊట ఇంకా ఆరలేదు, మనిషి మాత్రం చల్లబడిపోయాడు.

ఆ ఊళ్లో ఎవరైనా పోతే చర్చి గంట పన్నెండుసార్లు మోగుతుంది. మోగిన వెంటనే ఇంటికొక మగవాడు పార పట్టుకుని శ్మశానానికి వస్తాడు. ఆ రోజు గంట మోగలేదు. ఎందుకు మోగలేదో చిన్నపిల్లల్ని అడిగినా చెబుతారు. ఊరి పనికి రానివాడికి ఊరి శ్మశానంలో చోటు లేదు. బడి గోడ కట్టాలన్నా, కాలువ తవ్వాలన్నా ఇంటికొక మనిషి కూలి లేకుండా రావాల్సిందే. మెక్సికోలోని మెస్కితాల్ లోయలో ఒతోమీ తెగ పల్లెలు ఇన్నాళ్లు నిలబడ్డది ఆ కట్టుబాటు మీదే. నికాంద్రో ఆరేళ్లుగా పార ముట్టలేదు.

దానికి కారణం వాళ్ల నాలుగేళ్ల కొడుకు చెలో. మెక్సికో నగరం వదిలించుకున్న మురుగంతా నల్లగా, నురగలు కక్కుకుంటూ ఈ లోయకే వస్తుంది. ఆ నీళ్లు తాగి మొక్కజొన్న మనిషెత్తు పెరుగుతుంది. అదే నీరు బావిలోకి ఊరింది, చెలో రెండు రోజుల విరేచనాలతో పోయాడు. మరుసటేడు ఆ కాలువనే మెట్ట పొలాల దాకా పొడిగించాలని ఊరు తీర్మానించింది. నా బిడ్డను మింగిన నీళ్లకు నేనే దారి తవ్వాలా అని నికాంద్రో ఇంటికి వెళ్లిపోయాడు. మళ్లీ ఊరి పనికి పోలేదు. తప్పెవరిదంటే ఏం చెబుతాం? ఆ మొక్కజొన్న రొట్టెలే మకారియా కూడా తిన్నది.

ఇప్పుడామెకు కావలసింది ఒక్కటే. మొగుణ్ణి కొడుకు దగ్గర పడుకోబెట్టాలి. చెలోను పూడ్చిన రోజు నికాంద్రో ఏడవలేదు. "భయపడకురా, నేనొస్తాలే" అని మట్టితో మాట్లాడినట్టు మాట్లాడి వచ్చేశాడు. ఆ మాట విన్నది మకారియా ఒక్కతే.

పక్కింటి ముసలమ్మ తిబుర్సియా శవానికి స్నానం చేయించి, నేల మీద సున్నంతో సిలువ గీస్తుండగా మకారియా ఊరిపెద్ద లియోకాదియో ఇంటికి వెళ్లింది. అతను చెలోకు జ్ఞానతండ్రి, బాప్తిస్మమప్పుడు వాణ్ణి చేతుల్లో ఎత్తుకున్నవాడు. ఆ చుట్టరికం రక్తసంబంధానికి ఏమాత్రం తీసిపోదు.

"అన్నా, గంట కొట్టించు" అంది వాళ్ల ఒతోమీ భాషలో.

అతను కూర కోసం నాగజెముడు ముళ్లు గీకుతూ తలెత్తలేదు. జవాబు స్పానిష్‌లో ఇచ్చాడు. "అమ్మా, తమరి విన్నపం మధ్యాహ్నం సభ ముందు పెడతాను."

మకారియాకు చెంప మీద కొట్టినట్టయింది. స్పానిష్ ఆఫీసుల భాష. చిన్నప్పుడు బళ్లో ఒతోమీ మాట్లాడినందుకు ఈ ఇద్దర్నీ పక్కపక్కనే గులకరాళ్ల మీద మోకాళ్లేయించిన భాష.

"నాతో ఆ మాటలేంటన్నా? కొత్త చోటేం అడగట్లేదు. చెలోది తెరిచి, వాడి మీదే పడుకోబెట్టుకుంటా."

"సభలో చెప్పండమ్మా."

మధ్యాహ్నం చర్చి అరుగు దగ్గర మగవాళ్లంతా టోపీలు చేతుల్లో పట్టుకుని నిలబడ్డారు. మకారియా, తిబుర్సియా ఓ పక్కన కూర్చున్నారు. లియోకాదియో స్పానిష్‌లోనే మొదలుపెట్టాడు. నాలుగు మాటలకే గొంతు తిరగబడి ఒతోమీలోకి వచ్చేసింది.

"మా తమ్ముడు పోయినప్పుడు ఈ అరుగు మీద ఊరిపెద్దగా నిలబడ్డదెవరు? నికాంద్రోనే కదా! ఊరి పనికి రానివాడికి చోటు లేదు, కట్టుబాటు కట్టుబాటే అన్నాడు. వాణ్ణి లారీలో వేసుకుని బస్తీ శ్మశానానికి తీసుకుపోయాం. వాడి పక్కనున్నోడెవడో కూడా మాకు తెలీదు. ఎవడు తీసిన గోతిలో వాడే పడతాడంటారు. ఈయనకి పడటానికి గొయ్యి కూడా లేకుండా పోయింది."

"సచ్చినోడితో పంతమేంట్రా? లేచొచ్చి నీకు జవాబు చెప్తాడా?" అంది తిబుర్సియా. ఒకరిద్దరు నవ్వారు.

"నువ్వూరుకో పెద్దమ్మా. రేపు నువ్వు పోతే తవ్వాల్సింది మేమే."

తిబుర్సియా వెనక్కి జరిగి కూర్చుంది. ఎనభై ఏళ్ల మనిషికి అంతకన్నా పెద్ద బెదిరింపు ఇంకేముంటుంది?

మకారియా లేచి నిలబడింది. "ఆరేళ్లుగా ప్రతి పనికీ రొట్టెలు కాల్చి మోసుకొచ్చాను. మీరందరూ తిన్నారు. అది పని కాదా?"

"పనే చెల్లీ. అందుకే చెలో పక్కన నీకు చోటుంది. అది నీకే, ఆయనకి కాదు" అన్నాడు లియోకాదియో, ఈసారి కాస్త మెత్తగా. ఒప్పుకునేవాళ్లు చెయ్యెత్తండి అన్నాడు. ఒక్క చెయ్యీ లేవలేదు. దుర్మార్గులై కాదు, ఎవరి గొయ్యి గురించి వాళ్లకు భయం.

ఎండ దిగకముందే మకారియా మొగుడి పార తీసుకుని శ్మశానానికి వెళ్లింది. ఆడది అక్కడ పార వేయడం ఊరు ఎన్నడూ చూడలేదు. కబురందుకుని లియోకాదియో పరుగెత్తుకొచ్చాడు. మొండితనంగా మొగుడికి గొయ్యి తవ్వుతోందనుకున్నాడు. వచ్చి చూస్తే ఆమె గట్టు మీద కిత్తలినార గుడ్డ పరిచి, మెత్తబడిన శవపెట్టె పలకల మధ్య నుంచి చెలో ఎముకల్ని ఒక్కొక్కటే తీసి, మట్టి దులిపి పేరుస్తోంది.

"ఏం చేస్తున్నావు చెల్లీ!" అన్నాడు ఒతోమీలో.

"వాళ్ల నాన్న ఇక్కడికి రాకూడదన్నారుగా. వీణ్ణే తీసుకుపోతున్నాను" అంది స్పానిష్‌లో. తప్పుల్లేని స్పానిష్.

"వాణ్ణి తీసేస్తే నీ చోటు కూడా పోతుంది. రేపు నువ్వు పోతే ఎవరూ రారు."

"తెలుసు, అధికారి గారూ."

"అట్లా పిలవకు చెల్లీ. ఈ చేతుల్లోనే కదా వాడికి బాప్తిస్మం నీళ్లు పోయించాను! రేపు మళ్లీ సభ పెడతా. కాళ్లావేళ్లా పడి ఒప్పిస్తా." అతను ఏడుస్తున్నాడు. ఆ ఏడుపు నిజమైనదే. పొద్దున ఏడ్చుంటే ఎంత బాగుండేది!

"ఈ ఎండకి శవం రేపటిదాకా ఆగదు."

గుడ్డ కొసలు రొమ్ము మీద ముడివేసి మూటను వీపుకు కట్టుకుంది, పొలానికి పోయేటప్పుడు వాణ్ణి మోసినట్టే. ఇప్పుడు బరువే లేడు. లియోకాదియో పార కోసం చెయ్యి చాచాడు. "మీ కిత్తలి తోటలోనేగా వాళ్లిద్దరికీ తవ్వేది, నన్ను తవ్వనీ."

ఆమె పార ఇవ్వలేదు. తెరిచి ఉన్న గొయ్యిని గడ్డంతో చూపించింది.

"మనుషుల్ని పిలిపించి దాన్ని పూడ్పించండి. అది ఊరి పని."