మొగుని పేరు చెప్పం

గల్ఫ్‌లో మేముండే హమ్రియా సందులో కంపెనీ పికప్ ఆగింది. కుమార్‌ను సైట్ నుంచి అట్లాగే తెచ్చారు, బూట్ల సిమెంటు కూడా దులుపుకోనివ్వలేదు. అతని భార్య నవీన నాలుగు నెలల బిడ్డతో వెనక ఎక్కింది. మధ్యాహ్నమే విమానం. కంపెనీ కాగితాల పని చూసే జయరాముడు పక్కన నిలబడి జాబితాలో టిక్కు పెట్టాడు. ముందురోజే మరో రెండు కుటుంబాలను పంపాడు. ఆ జాబితా నేను రాసిన రిజిస్టరు పేజీ.

మా ఆయన ఆ కంపెనీలో స్టోర్ కీపర్. మాకు కుటుంబ వీసా ఉంది, కూలీలకు లేదు. వాళ్ల ఆడవాళ్లు ఇళ్లల్లో పనికి వేరే వీసాల మీద వచ్చి, ఈ సందుల్లో గుట్టుగా కాపురం చేస్తున్నారు. బిడ్డ పుట్టిందని తెలిస్తే కంపెనీ మొగుణ్ణి ఊరికి పంపేస్తుంది, వెంట భార్యనూ.

అట్లాంటి కంపెనీ తొంభై రెండులో తల్లీబిడ్డల గది తెరిచింది. మంగళవారాలు పిల్లలకు టీకా సూదులు, ఉచితంగా పాలపొడి. "ఉత్తగ ఇచ్చేటోని చెయ్యి గాదు, కన్ను జూడాలె," అంది మెస్సులో వండే రాములవ్వ. నేను లెక్కచేయలేదు. బి.ఏ. చదివినదాన్ని, రిజిస్టరు రాయడానికి ఇష్టంగా కూర్చున్నాను. మొదటివారం ముగ్గురే వచ్చారు. భర్త పేరు పలకడానికి సిగ్గుపడితే, ఇదేం మూఢత్వమని పట్టుబట్టి పలికించాను.

ఆ ముగ్గురూ ఇప్పుడు ఇక్కడ లేరు.

రెండోవారం గదికి ఎవరూ పోలేదు. ఆ వారమే మా సందులో ఒక పిల్లకు తట్టు పోసింది. అదే సందులో ఉండే సుమలత కొడుకుకు తొమ్మిది నెలలు, తట్టు సూది వేయించాల్సిన ఈడు. సూది వేయిస్తే పికప్, వేయించకపోతే తట్టు.

కడప మనిషి శంషున్నీసా రూమ్‌లో అందరూ కూడారు. నేనూ వెళ్లాను.

"వచ్చినావా అక్కా? ఈ మాటలు గూడా రాసుకుంటావా ఏంది?" అంది శంషున్నీసా.

"రాసింది నేనే. ఎవరి చేతికి పోతుందో అడగలేదు."

"అడగలేదంటే నవీన తిరిగొస్తదా?" సుమలత బిడ్డను నాకు దూరంగా జరుపుకుంది.

దొంగ పేర్లు రాస్తానన్నాను.

"కంపెనీ హాజరు పట్టీలో చూస్తే దొరికిపోతాది," అంది శంషున్నీసా. "అసలు చెప్పకపోతేనో? మా అమ్మ చచ్చేదాకా మా నాయన పేరెత్తలే."

"నేనెన్నడన్న అన్ననా?" రాములవ్వ నవ్వింది. "'ఇగో' అని పిలుస్తే వాడల ముగ్గురు పలికెటోళ్లు."

అందరూ నవ్వారు. సుమలత నవ్వలేదు. "మనం చెప్పకుంటే పక్కామెను అడుగుతరు. ఆమె చెప్తది. మనూర్ల గంతే గదా?"

నిజమే. ఇంటి ఆడది పలకని పేరు పక్కామె పలుకుతుంది. ఆ పక్కామె ఇక్కడ నేనే.

"పక్కామె గూడా చెప్పకూడదు," అంది శంషున్నీసా, నా వైపే చూస్తూ. ఎవరూ నన్ను ఒట్టు వేయమనలేదు. వేసినా నమ్మేవాళ్లు కారు.

మంగళవారం పంతొమ్మిది మంది తల్లులు వరుసగా నిలబడ్డారు. ఈసారి జయరాముడే రిజిస్టరు ముందు కూర్చున్నాడు, పక్కన నర్సు సూదిమందుల ఐసు పెట్టె తెరిచి పెట్టుకుంది.

"మొగుడి పేరు?"

"పలుకరాదు," అంది సుమలత.

"నీ మొగుడి పేరు?"

"మాలోనూ పలకరు సార్," అంది శంషున్నీసా.

అయిదుగురి దాకా అడిగాడు. అప్పుడు నా వైపు తిరిగాడు. "చదువుకున్నవారు మేడమ్, మీకు అందరూ తెలుసు. మీరు చెప్పండి."

"నేను మా ఆయన పేరు కూడా చెప్పను, జయరాముడు గారూ."

"మీ ఆయన పేరు నాకు తెలుసులెండి," అన్నాడు మెల్లగా. "పేరు లేకపోతే సూది లేదు. పెట్టె మూసేయ్ సిస్టర్."

రాములవ్వ ఐసు పెట్టె పక్కన చతికిలబడి దాని మీద చెయ్యేసింది. "ముయ్యి బిడ్డా. నా చెయ్యి గూడ కలిపి ముయ్యి."

వరుస కదలలేదు. జయరాముడు ఆఫీసుకు ఫోను తిప్పి, మా ఆయన పేరు ఒక్కటే చెప్పాడు. అతని దగ్గర ఉన్న పేరు అదొక్కటే. రేపు పికప్ మా ఇంటి ముందే ఆగొచ్చు. అయినా పోయి సుమలత పక్కన నిలబడ్డాను. ఆమె కొంచెం జరిగి చోటిచ్చింది.

నర్సు అమ్మణ్ణి నెల్లూరామె. ఆమెను కూడా మేం నమ్మలేదు. ఆమె పెన్ను టీకా కార్డులో ఏ గడి దగ్గర ఆగుతుందోనని అందరం చూస్తున్నాం. ఆమె జయరాముణ్ణి దాటి చేయి చాచి, సుమలత బిడ్డ చొక్కా చేయి పైకి మడిచింది. "ఐసు కరిగిపోతా ఉంది. నా కార్డుకు తల్లి పేరు చాలు," అంది. "ఈ బిడ్డ తల్లి పేరేంది?"

"సుమలత," అన్నారు పంతొమ్మిది మందీ.