రెండో గొంతు

వద్దు వద్దంటూ విస్తరికి చెయ్యి అడ్డం పెడితే ఆ చేతిని ఎవరు నమ్ముతారు? దాన్ని పక్కకు నెట్టి మరీ ఇంకో గరిటె వడ్డిస్తారు. అట్లా వడ్డించకపోతే పెట్టేవాళ్ళకు మర్యాద కాదు, తినేవాళ్ళకు కడుపు నిండదు. ఇంత చిన్న సంగతి ఈ పల్నాట్లో పుట్టిన ప్రతి మనిషికీ తెలుసు. మరి ఆ రోజు సంజన ఎట్లా నమ్మింది?

నరసరావుపేట ఫంక్షన్ హాల్లో మూడో వరసలో కూర్చుని సువార్త ఆ ప్రశ్ననే మళ్ళీ నమిలి మింగింది. ఏడేళ్ళుగా మింగుతూనే ఉంది. ఒక్కరోజూ అరగలేదు.

వేదిక మీద కొత్త ఫ్లెక్సీ కట్టారు. అందులో వెండి రంగు కోటు వేసుకుని సంజన ఒక్కతే నిలబడి ఉంది. ఆమె సోలో ఆల్బమ్ ఫోన్లలో, ఆటోల్లో, పెళ్ళి ఊరేగింపుల్లో మోగిపోతోంది కనుక ఇవాళ సొంత జిల్లావాళ్ళు సన్మానం పెట్టుకున్నారు. ఒకప్పుడు కారంపూడిలో 'నాగులేరు గర్ల్స్' అని ముగ్గురు ఆడపిల్లలు పాడేవారన్న మాట ఫ్లెక్సీలో ఎక్కడా లేదు. మూడో పిల్ల మాబున్నీసా పెళ్ళయి సత్తెనపల్లిలో ఉంది. రమ్మని ఫోన్ చేస్తే, "నాకు కడుపు మంటగా ఉందే, నిజంగానే," అని నవ్వి పెట్టేసింది. దానికి ఆ నవ్వన్నా ఉంది, అనుకుంది సువార్త.

ఆ ఆల్బమ్‌కు పేరు తెచ్చిన పాట ముగ్గురూ కలిసి, నాగులేట్లో నీళ్ళు లేని వేసవిలో వంతెన మీద కూర్చుని కట్టింది. మాటలు మాబున్నీసావి, రాగం సంజనది. సువార్తది రెండో గొంతు. సంజన పైన పాడుతుంటే కింద, కాస్త వెనకగా, వేరే స్వరాల మీద నడిచే గొంతు. కారంపూడి చర్చిలో పాటల బృందాన్ని నడిపిన సువార్త తండ్రి అబ్రహాము నేర్పిన విద్య అది. "అది ఉన్నట్టు ఎవరికీ తెలియక్కర్లేదమ్మా. తీసేస్తే మాత్రం తెలియాలి," అనేవాడు.

తీసేశారు. ఎవరికీ తెలియలేదు.

మొన్న అంట్లు తోముతూ ఆ పాటలో తన గొంతు పాడుకుంటుంటే కూతురు వచ్చి, ఏ పాటమ్మా అది, అని అడిగింది. చెబితే ఒప్పుకోలేదు. "తప్పు పాడతన్నావు. అసలు పాట ఇదీ," అని ఫోన్లో పెట్టింది. పిల్ల తప్పేమీ లేదు, ఆ గొంతు ఒంటరిగా ఉంటే పాట కాదు. ఫోన్లో పైగొంతు సంజనే పాడుతోంది, కింది గొంతూ సంజనే పాడుతోంది. స్టూడియోలో ఒక గొంతు మీద ఇంకోటి పరుస్తారట. సువార్త వెతికి పట్టుకున్న ప్రతి మలుపూ, ఊపిరి తీసుకునే చోటుతో సహా, అందులో ఉంది. అంతకన్నా అవమానం ఏమిటంటే, సబ్బు చేతులతో వింటూ నిలబడ్డ ఆమె గొంతు తనంతట తానే కదిలింది. బస్సులో ఆ పాట వచ్చినా అంతే. తను పనిచేసే ల్యాబ్‌లో రోగి చేతికి రబ్బరు కడుతుండగా రోడ్డు మీద ఆటో మోగించుకుంటూ పోయినా అంతే.

ఆమె ఇవాళ వచ్చింది ఒక్కదాని కోసం. ఆ రెండో గొంతు సువార్తదని సంజన ఈ జనం ముందు ఒక్కసారి అనాలి. అంటే చాలు, మిగతాదంతా వదిలేసి ఇంటికి పోవచ్చు.

"ఏందమ్మాయ్, మూడో వరసలో కూర్చున్నావు?" సంజన బాబాయి ఆంజనేయులు కండువా సర్దుకుంటూ వచ్చాడు. సన్మానం ఖర్చంతా ఆయనదే. "ముందుకు రా. శాలువా నీ చేత్తోనే కప్పిస్తన్నాం. నువ్వేగా మా పిల్ల పక్కన కోరస్ పాడేదానివి?"

"కోరస్ కాదు బాబాయ్."

"ఏదో ఒకటిలే. ఇప్పుడేం పాడతన్నావు?"

"ల్యాబ్‌లో చేస్తన్నా."

"మంచిదేగా. నెత్తురు తీసేవాళ్ళకి ఎప్పుడూ పనుంటది. మా రాజకీయం మాదిరి," అని తన మాటకు తనే నవ్వుకుంటూ ముందు నడిచాడు.

వెనకే నడుస్తుంటే ఆమెకు ఏడేళ్ళ కిందటి బస్టాండు గుర్తొచ్చింది. హైదరాబాదు పాటల కంపెనీ వాళ్ళు ముగ్గురు వద్దు, ఒక్కరు చాలన్నారు. సంచి పట్టుకుని సంజన తటపటాయిస్తోంది. "నువ్వెళ్ళవే. నాకేం, ఇక్కడ ఉద్యోగం ఉండనే ఉంది," అంది సువార్త. అని, ఎదురుచూసింది. నువ్వు లేకుండా నేనెట్టా ఎళ్తానే అని సంజన అంటుంది. దానికి తనేమనాలో సిద్ధం చేసుకుంది. మళ్ళీ సంజన కాదంటుంది, తను మళ్ళీ పొమ్మంటుంది. ఇట్లా రెండు మూడు సార్లు అయ్యాక ఇద్దరూ బస్సెక్కుతారు, లేదంటే ఇద్దరూ ఇంటికి పోతారు. సంజన ఆమెను గట్టిగా కావలించుకుని, కళ్ళు తుడుచుకుని, బస్సెక్కింది.

తను సిద్ధం చేసుకున్న మాట ఇప్పటికీ నోట్లోనే ఉంది.

వేదిక మీద సంజన మైకు అందుకుంది. గొంతు ఏమీ మారలేదు. "ఇది మా సువార్త. ఆ రోజు బస్టాండులో 'నువ్వెళ్ళవే' అన్నది ఇదే. ఇది పట్టుబట్టకపోతే నేను ఎళ్ళేదాన్నే కాదు. ఇంత పెద్ద మనసు నేనింకెక్కడా చూడలేదు."

హాలంతా చప్పట్లు. సువార్త చేతులు జోడించింది. లేని మనసుకు దండ వేస్తున్నారు, మెడ మాత్రం తనది. రెండో గొంతు మాట రాలేదు. ఆమె శాలువా విప్పి సంజన భుజాల మీద కప్పింది. ఫోటోగ్రాఫరు ఇద్దర్నీ దగ్గరికి జరగమన్నాడు.

"నవ్వవే, తీస్తన్నారు," అంది సంజన పెదాలు కదలకుండా.

సువార్త నవ్వింది. నవ్వుతూనే, "రెండో గొంతు నాదని చెప్పలేదేందే?" అని అడిగింది.

"చెప్తే, మరి నిన్ను తీసుకుపోలేదేందని అడగరా?"

"నేను ఊరికే అన్నానే, ఎళ్ళమని."

"తెలుసు."

ఫ్లాష్ వెలిగింది. ఇంకొకటి అంటూ ఫోటోగ్రాఫరు వేలు చూపించాడు.

"అప్పుడే తెలుసే," అంది సంజన, నవ్వు చెదరకుండా. "ఇంకోసారి అడిగితే నువ్వు వస్తానంటావని అడగలా."

ఏడేళ్ళ ప్రశ్నకు జవాబు ఇంత చిన్నదని సువార్త ఊహించలేదు. విస్తరికి అడ్డం పెట్టిన ఆ చేతిని సంజన నమ్మలేదు. నమ్మినట్టు ఉండిపోయింది, అంతే. కోపం రావాలి. రాలేదు.

ఈలోపు పాట మొదలైంది. వాయిద్యాలన్నీ స్పీకర్లలోంచి వస్తున్నాయి, సంజన మైకుతో పైగొంతు పాడుతోంది. జనం లేచి ఫోన్లు ఎత్తారు. దిగిపోబోయిన సువార్తను చెయ్యి పట్టి ఆపి, "ఇప్పుడు నా ఫ్రెండ్ కూడా పాడుద్ది," అని మైకు తెచ్చి ఆమె నోటి ముందు పెట్టింది సంజన.

సరిగ్గా రెండో గొంతు వచ్చే చోటు అది. సువార్త నోరు తెరవక ముందే స్పీకర్లలోంచి ఆ గొంతు వచ్చింది. స్టూడియోలో పరిచి పెట్టిన సంజన గొంతు, సువార్త మలుపులతో. పాడుతున్నది సువార్తే అనుకుని హాలు ఒక్కసారిగా ఈలలు వేసింది. ముందు వరసలో ఆంజనేయులు లేచి నిలబడి చేతులెత్తి చప్పట్లు కొడుతున్నాడు. వేదిక పక్కనున్న పెద్ద తెర మీద సువార్త ముఖం నిండిపోయింది. ఆ రెండో గొంతు ఆమెదేనని చివరికి ఊరంతా ఒప్పుకుంది. పెదాలు కాస్త కదిపితే చాలు, అడగవచ్చినది దక్కినట్టే. సంజన కళ్ళు కూడా అదే చెబుతున్నాయి, తీసుకోవే, అని. లోపల గొంతు అప్పుడే పైకి లేస్తోంది, అలవాటు కొద్దీ.

తెర మీది ముఖాన్ని ఒక్క క్షణం చూసి, సువార్త చెయ్యి ఎత్తి అరచేత్తో నోరు గట్టిగా మూసుకుంది. స్పీకర్లలో ఆ గొంతు పాడుతూనే ఉంది.