లెక్కలోకి రాని పొగాకు

కట్టు విప్పిన డాక్టరమ్మ కుడి వైపు ఒకసారి చూసి వదిలేసింది. ఎడమ వైపు మాత్రం వంగి చాలాసేపు చూసింది. శశికళ ఫ్యాను వైపు చూస్తూ పడుకుంది. నొప్పి లేదు. దూది తగిలిందో లేదో కూడా తెలియడం లేదు.

ముగ్గురు పిల్లలకు పాలిచ్చి, ఏళ్ల తరబడి మగ్గం మీద వంగి కూర్చుని, జారిపోయిన రొమ్ములను కర్నూలు ఆసుపత్రిలో పైకి లేపి కుట్టించుకుంది. ఎమ్మిగనూరులోని ఇంట్లో ఆ సంగతి భర్త ఉమామహేశ్వరకు ఒక్కడికే తెలుసు. నీ ఇష్టం అన్నాడు, అంతకు మించి అడగలేదు. అత్త బసమ్మకు మాత్రం రెండు వైపులా గడ్డలు తీస్తారని చెప్పారు.

"కుట్టు అంచు నల్లబడుతోందమ్మా," అంది డాక్టరమ్మ.

చనుమొన పక్క చర్మానికి రక్తం సరిగా అందడం లేదట. ఆపరేషన్‌కు ముందు అడిగినవన్నీ మళ్లీ అడిగింది. షుగరుందా, రక్తం పలచబడే మాత్రలు వేసుకున్నావా, బరువులెత్తావా. అన్నిటికీ లేదనే చెప్పింది శశికళ. మగ్గం దగ్గరికైనా పోలేదు. సిగరెట్టు, బీడీ? అదీ లేదు. మొదటిసారి ఆ ప్రశ్న అడిగినప్పుడు నవ్వొచ్చింది కూడా.

డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ చెప్పింది. లేపి కుట్టిన చర్మం వెంట్రుకల్లాంటి రక్తనాళాల మీద బతుకుతుంది, పొగాకులోని విషం వాటిని బిగించేస్తుంది, అందుకే ఆపరేషన్‌కు చాలా ముందు నుంచి గాయం మానేదాకా బీడీలు వద్దంటాం అని. పొగాకు అని వినగానే శశికళ మెల్లగా లేచి కూర్చుంది.

"నోట్లో పెట్టుకునేది గూడా లెక్కేనా మేడమ్?"

డాక్టరమ్మ కొళాయి కట్టేసింది. "ఎప్పుడు పెట్టుకుంటావు?"

"మగ్గం మీద ఉన్నంతసేపూ దవడన ఉంటాది. ఇప్పుడు మగ్గం లేదు గాని, పొద్దుపోక..."

కాపురానికి వచ్చిన కొత్తలో ఆకూవక్కలో చిటికెడు పొగాకు మడిచి అలవాటు చేసింది బసమ్మే. ఆ వీధి నేత ఇళ్లలో ఆడవాళ్లందరి దవడలోనూ అది ఉంటుంది. కాఫీ తాగుతారా అని డాక్టరు అడగకపోతే ఎవరు చెబుతారు? ఇదీ అంతే అనుకుంది. ఆపరేషన్ మర్నాడు ఆసుపత్రి మంచం మీదే బసమ్మ కొంగు ముడి విప్పి అందించింది, బాధ తెలియకుండా ఉంటుందని.

డాక్టరమ్మ తిట్టలేదు. నమిలేదాని గురించి నేనే అడగాల్సింది అంది. ఇక చిటికెడు కూడా ముట్టొద్దని, నలుపు ఎక్కడ ఆగుతుందో చూసి చచ్చిన చర్మం తీసేయాలని, చీము పట్టినా జ్వరం వచ్చినా ఆ గడియలోనే రావాలని చెప్పి పంపింది.

ఇంటికి వచ్చేసరికి బసమ్మ ఆకు మడిచి ఉంచింది.

"నాకొద్దత్తా."

"ఏమ్మే, గడ్డకూ దవడకూ ఏం సమ్మందం?"

కడుపులో బాగాలేదని చెప్పొచ్చు. చెబితే రేపు మళ్లీ ఇస్తుంది. ఇస్తే తను తీసుకుంటుంది. ఆ సంగతి శశికళకు తెలుసు.

"గడ్డ కాదత్తా. జారిపోయినాయని పైకి కుట్టిచ్చుకున్న్యా. పొగాకుతో ఒకపక్క చచ్చిపోతాండాది."

బసమ్మ నోట్లోది ఈ దవడ నుంచి ఆ దవడకు మార్చుకుంది.

"అల్లుడొచ్చే యాళకు ఎవురికి సూపిచ్చేకి?"

"ఎవురికీ కాదు."

"మాకూ జారినాయి. మేమేమన్నా కుట్టిచ్చుకుంటిమా?"

శశికళకు కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. ఉమామహేశ్వరకు తెలుసునా అని అడిగింది ముసలామె. తెలుసని చెప్పగానే మొగుడూ పెళ్లాలిద్దరినీ కలిపి తిట్టి, మడిచిన ఆకు తన నోట్లోనే వేసుకుంది. పొగాకు డబ్బా మాత్రం కొంగున ముడేసి రొంటిన దోపుకుంది. తర్వాత రోజుల్లో శశికళ ఉండబట్టలేక అడిగింది, ఒకసారి బతిమాలింది కూడా. బసమ్మ మళ్లీ తిట్టింది గాని ఇవ్వలేదు.

ఆ తర్వాత కర్నూలు వెళ్లినప్పుడు డాక్టరమ్మ నల్లబడిన అంచు కత్తిరించింది. చనుమొనలో కొంత పోయింది. మచ్చ పడుతుందని, రెండు వైపులా ఒకేలా ఉండవని చెప్పింది. తర్వాత కుట్టు పక్కన వేలితో నొక్కి వదిలింది. తెల్లబడిన చోట మెల్లగా రంగు వచ్చింది.

"ఇక్కడ రక్తం ఆడుతోంది. మిగతాది నిలబడుతుంది. నొక్కితే తెలుస్తోందా?"

"లేదు."

"కొన్ని నెలలు పట్టొచ్చు. కొందరికి రాకపోవచ్చు కూడా."

శశికళ తల వంచి చూసుకుంది. డాక్టరమ్మ వేలు ఇంకా అక్కడే ఉంది.

"ఇంకొంచెం గట్టిగా నొక్కండి మేడమ్," అంది.