పోలిరాజు అలిగిన మూడు రోజులు

రోజూ పదకొండింటికి జగ్గమ్మ ఖిదిర్‌పూర్‌లోని ఆ పెద్ద మాల్ గేటుకి క్యారేజీ తగిలిస్తుంది. కింద గిన్నెలో అన్నం, పై గిన్నెలో ఎండుచేపల పులుసు. మూడింటికల్లా గిన్నెలు ఖాళీ అయి, కడిగి ఉంటాయి. పదకొండేళ్ళ కిందట ఆ గేటు దగ్గరే బాంబు పేలి చనిపోయిన ఆమె మొగుడు పోలిరాజు తినేసి కడిగేస్తాడు. కాపలా ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఎంగిలి గిన్నె ఇంటికి పంపిన మనిషి కాడు. ఇప్పటి కాపలాదారు సునీల్‌కుమార్ "దీదీ, దాదా తినేశాడు" అని తన బెంగాలీ వరసల్లో చెప్పి క్యారేజీ చేతికిస్తాడు.

ఆ సోమవారం మెతుకు కదల్లేదు. మంగళవారం రొయ్యలు వండింది. ముట్టుకోలేదు. బుధవారమూ అంతే.

"రమా, మీ అయ్య అలిగాడే! తప్పు మనదయితేగానీ అన్నం మీద అలగడు ఆడు."

"ఆదివారం ఏం చేశావమ్మా?" అంది రమాకుమారి కుడిచెవి తల్లి వైపు తిప్పి. ఆ పేలుడుకి ఎడమచెవి పోయింది. ఆ చెవి వల్లే ఎక్కడా ఉద్యోగం నిలవలేదు.

"నానేటి సేసాను? మాల్ నుంచి మృత్యుంజయ బాబు వచ్చాడు. నీ కూతురికి ఉద్యోగమిస్తాం, వచ్చే సోమవారం చేరమను అని కాయితం మీద ఏలిముద్ర ఏయించుకున్నాడు."

ఆ కాగితం నకలు బియ్యం డబ్బా మీదే ఉంది. రమాకుమారి చదివింది. సంచులు తనిఖీ చేసే యంత్రం బాగానే పనిచేసిందట. కాపలాదారు పోలిరాజు నిద్రపోవడం వల్లే హంతకులు లోపలికి వచ్చారట. భార్యగా ఆ సంగతి ఒప్పుకుంటోందట.

జగ్గమ్మ గరిటె విసిరికొట్టింది.

"బాంబెట్టిన ఎదవల సేతులు పడిపోను! ఆళ్ళకి జైలైనా పడింది. మరి ఈళ్ళకో? మిషను సెడి నెల్లాళ్ళయిందని మూడుసార్లు మొత్తుకున్నాడు. పోయి నిలబడవోయ్ అన్నారు. ముప్ఫై ఒక్క మంది పోయారు! నిద్రోయింది నా మొగుడా?"

ఒళ్ళు మండదూ మరి! చచ్చినవాడు ఎదురు చెప్పలేడనే ధీమా ఆ పెద్దమనుషులకి.

జగ్గమ్మ కూతురి ముఖం చూసి తగ్గింది. "కానీ నీ ఉద్యోగమే..."

"ముందు అయ్య అన్నం తినాలి," అంది రమాకుమారి.

ఆ పేలుడులో పోయినవాళ్ళ కుటుంబాలు మాల్ మీద వేసిన కేసు గురువారం విచారణకొచ్చింది. జగ్గమ్మ దారిలో క్యారేజీ తగిలించి కోర్టుకెళ్ళింది. మాల్ లాయరు కాగితం చూపించి, ఈ ముద్ర నీదేనా అన్నాడు.

"ముద్ర నాదే. అబద్దం మీది," అంది జగ్గమ్మ. చెడిన యంత్రం సంగతీ, మొగుడు ఎవరెవరికి చెప్పాడో ఆ సంగతీ ఒక్కటీ వదల్లేదు. జడ్జి అంతా రాయించుకుంటుంటే మృత్యుంజయ బాబు తల వంచుకున్నాడు.

మూడింటికి తల్లీకూతుళ్ళు గేటు దగ్గరికొచ్చారు. సునీల్‌కుమార్ క్యారేజీ అందించాడు. తేలిగ్గా ఉంది. మూత తీస్తే గిన్నెలు తడిగా మెరుస్తున్నాయి.

జగ్గమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది. రమాకుమారి క్యారేజీ అందుకుని మూత పెట్టింది.

"రేపు ఇంకో గిన్నె అన్నం ఎక్కువ పెట్టమ్మా. మూడు రోజులు పస్తున్నాడు."