ముందు సీటు వేడి

ఆ ఉదయం లంబసింగి మీద ఆకాశమే లేదు. మంచు చెట్ల మొదళ్ల దాకా దిగిపోయింది. పది అడుగుల అవతల దారి కనబడటం లేదు.

నేను ఒక వ్యానును, ముక్కు లేని బండిని. నన్ను గీసినవాళ్లు ఆ ముక్కు చోటు కూడా మనుషులకే ఇవ్వాలనుకున్నారు. ఇంజనును ముందు సీట్ల కిందికి దూర్చి, పక్కకు జరిగే తలుపులు పెట్టి, చిన్న ఒంట్లో ఇంటిల్లిపాదినీ పట్టించారు. వాళ్ల బుర్రకు ఇప్పటికీ దండం పెడతాను. మా జాతి వచ్చిన కొత్తలో జనం పేర్లు రాయించుకుని నెలల తరబడి ఎదురుచూశారు. తర్వాత ముక్కున్న కార్లు, చల్లగాలి కార్లు వచ్చాయి. మేం బడిపిల్లలకూ పాలక్యాన్లకూ దిగాం. చివరికి నిబంధనలు మారి మమ్మల్ని తయారుచేయడం మానేశారు. అయినా తిరుగుతూనే ఉన్నాం.

ఒక డాక్టరుగారింట్లో పదేళ్లు, టెంట్ హౌసులో ఆరేళ్లు ఉండి, నేను పైడినాయుడి ఇంటికి వచ్చి ఆరేళ్లయింది. నడిపేది ఆయన కొడుకు లోవరాజు. ముందు సీటు పెద్దాయనది. కింద ఇంజను కాగి ఆ సీటు పెనంలా ఉండేది. గౌరవం కోసం మనుషులు ఎంత వేడైనా ఓర్చుకుంటారు.

"కాల్తన్నాదా అయ్యా?" అని లోవరాజు నవ్వేవాడు.

"నాకేటి కాల్తాది? నువ్వు రోడ్డు సూడు" అంటూ పెద్దాయన తువ్వాలు మడిచి కింద వేసుకునేవాడు.

ఆ మంచులో, కోడలు వరహాలమ్మకు నెలలు నిండకుండానే ఆడపిల్ల పుట్టింది. కిలోన్నర బరువు. నర్సీపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్లమంది నర్సు, దారిలో చలి తగిలితే బిడ్డ దక్కదంది. అంబులెన్సు ఎక్కడో మంచులో చిక్కుకుంది. కోడలు బిడ్డను గుండెకు హత్తుకుని, అలవాటుగా వెనక ఎక్కింది. పెద్దాయన అలవాటుగా ముందు ఎక్కాడు.

ఘాట్ రోడ్డులో తలుపు సందుల్లోంచి గాలి కోసింది.

"పాప కాళ్లు సల్లబడిపోతన్నాయి" అంది కోడలు.

వేడంతా ఇక్కడే ఉందని చెబుదామంటే నాకు నోరు లేదు.

పెద్దాయన తువ్వాలు సర్దుకోబోయి ఆగిపోయాడు. "బండి ఆపరా!"

దిగి, వెనక తలుపు లాగాడు. "ముందుకెక్కమ్మా."

"మీ ముందర నేను కూకోడమేటి మాఁవా?"

"అది సింహాసనం కాదే తల్లీ, పొయ్యి. ఆరేళ్లబట్టి కాల్తన్నాది నాకు. బేగి ఎక్కు!"

ఈసారి లోవరాజు నవ్వలేదు.

పెద్దాయన వెనక్కి ఎక్కి, గాలి రాకుండా తలుపు సందుకు వీపు ఆనించి నేల మీద కూర్చున్నాడు. నేను చిన్న గేరులో మూలుగుతూ, ఉన్న వేడంతా పైకి ఇస్తూ దిగాను. సగం దారిలో సన్నగా ఏడుపు వినిపించింది.

"ఏడుస్తన్నాది మాఁవా!"

"ఏడవనీ. గట్టిగా ఏడవనీ."

పంతొమ్మిదో రోజున పాపను ఇంటికి పంపారు. ఎండ కాస్తున్న మలుపులో లోవరాజు నన్ను ఆపాడు. పులిహోర పొట్లాలు నా నేల మీద పెట్టారు. ఎప్పుడూ మామ తిన్నాకే తినే వరహాలమ్మ పాపను ఎత్తుకుని పక్కకు తిరిగింది. పెద్దాయన మూడు పొట్లాలూ విప్పి, ఒకటి ఆమె ముందుకు జరిపి, చెయ్యి కడుక్కుని ఊరికే కూర్చున్నాడు. ఆమె ముద్ద ఎత్తేదాకా తను ఎత్తలేదు.

తర్వాత ముగ్గురూ తిన్నారు.