సీసాలో తమ్ముడు

పొద్దున్నే ఆమె నీళ్ళ పరీక్షాశాల తలుపు తీసి, కుళాయిల నుంచి పట్టి తెచ్చిన గాజు సీసాలను కిటికీ దగ్గర పెట్టుకుని, ఒక్కోదాన్నీ వెలుతురుకు ఎత్తి చూసేది. నీళ్ళను ఎవరు పాడుచేస్తే వాళ్ళ ముఖం గాజులోంచి కనిపించేది. ఇళ్ళల్లో అందరూ స్టీలు గ్లాసుల్లోనే తాగేవాళ్ళు కాబట్టి చూసే పని ఆమెకు పడింది. నదిలో చెత్త సంచీ విసిరిన పెద్దమనిషో, బండి కడిగినవాడో కనిపిస్తే కబురు పెట్టేది. వాళ్ళు బుర్ర గోక్కుంటూ వచ్చి, తప్పయిపోయిందని చెప్పి వెళ్ళేవాళ్ళు.

ఆ రోజు సీసాలో తమ్ముడు కనిపించాడు.

వాడు రంగుల ఫ్యాక్టరీలో ట్యాంకర్ డ్రైవరు. వాడేసిన రంగునీళ్ళను శుద్ధి కేంద్రానికి తీసుకెళ్ళాల్సినవాడు, ఊరికి ఎగువన నదిలో వదిలేస్తున్నాడు. కబురు పెడితే వచ్చాడు.

"మేనేజరే పొయ్యమన్నాడక్కా. కాదంటే పనిలోంచి తీసేస్తాడు. ఈ ఒక్కసారికీ చూసీచూడనట్టు వదిలెయ్. మళ్ళీ పోస్తే చెప్పుతో కొట్టు," అన్నాడు.

తల్లి పోయాక వాణ్ణి చంకనేసుకుని పెంచిన మనిషి. సీసాను తూములో ఒంపేసింది. "ఎలా ఉన్నాయమ్మా నీళ్ళు?" అని అధికారి అడిగితే, "బాగానే ఉన్నాయి సార్," అంది.

వారం తిరక్కుండానే ఆసుపత్రి నిండిపోయింది. తమ్ముడి కూతురు కూడా వాంతులతో అక్కడే పడుకుంది. మాత్ర వేసుకోమని నర్సు గాజు గ్లాసుతో నీళ్ళిచ్చింది. పిల్ల గ్లాసు ఎత్తి పట్టుకుని ఆగిపోయింది.

"అత్తా, ఇందులో నాన్న ఉన్నాడు. పక్కన నువ్వు కూడా ఉన్నావు. మీరిద్దరూ ఉంటే నేనెలా తాగను?"

తమ్ముడు గోడ వైపు తిరిగిపోయాడు. ఆమె తిన్నగా అధికారి దగ్గరికెళ్ళి జరిగిందంతా చెప్పేసింది.

మధ్యాహ్నానికల్లా కుళాయిలు కట్టేశారు. ఫ్యాక్టరీకి తాళం పడింది. మేనేజరుని పోలీసులు తీసుకెళ్ళారు. అక్కాతమ్ముళ్ళిద్దరి ఉద్యోగాలూ పోయాయి. పిల్ల చిక్కి సగమై ఇంటికొచ్చింది. ఆసుపత్రిలో దాని పక్క మంచం మీదున్న ముసలాయన మాత్రం తిరిగి రాలేదు.

కుళాయిల్లో మళ్ళీ మంచినీళ్ళు వచ్చాక ఇద్దరూ ఆయన భార్యను చూడ్డానికి వెళ్ళారు. వాళ్ళెవరో, ఏం చేశారో ఆవిడకి తెలుసు. అయినా కూర్చోమని, ఎండన పడి వచ్చారని చెరో గ్లాసుతో నీళ్ళిచ్చింది.

గాజు గ్లాసులే. నీళ్ళు తేటగా ఉన్నాయి. అందులో ఎవరూ లేరు. అయినా ఇద్దరూ పెదాల దాకా ఎత్తి, తాగకుండానే గ్లాసులు కింద పెట్టేశారు.