దేవయ్య విరిచిన గోలీ

ఆర్మూరు గంజ్ మార్కెట్‌లో దేవయ్య చెయ్యి పడని పసుపు కుప్ప లేదు. రైతుల సరుకు కమీషన్ మీద అమ్మిపెట్టే అడ్తి దుకాణం తరఫున సరుకు చూసిపెట్టడం అతని పని. కుప్పలోకి మోచేతిదాకా చెయ్యి దూర్చి, అడుగునుంచి ఒక కొమ్ము లాగి, పుటుక్కున విరిచి లోపలి రంగు చూసేవాడు. పైన మెరుగు ఉండి లోపల పాలిపోయి కనబడితే కొమ్మును అక్కడే పారేసి, రైతుకు ఒక్క మాటైనా చెప్పకుండా ముందుకు నడిచేవాడు. మాట చెబితే అబద్ధాలు మొదలవుతాయని అతని లెక్క. ఆ బుద్ధిని గంజ్‌లోనే వదిలేసి ఇంటికొస్తే ఏ గొడవా ఉండేది కాదు. వదలలేదు మహానుభావుడు. పాలైనా, పప్పైనా, చుట్టాలైనా అదే కన్నుతో చూసేవాడు.

పందొమ్మిది వందల ఎనభై ఏడులో అతని భార్య కమలవ్వకు గుండెజబ్బు పట్టుకుంది. బిందె ఎత్తితే ఛాతీ మీద రాయి పెట్టినంత బరువు, ఎడమ చెయ్యి గుంజుడు. నిజామాబాదు డాక్టరు పరీక్షలు చేసి, గుండెకు నెత్తురు తీసుకుపోయే నాళాలు సన్నబడ్డాయని చెప్పాడు. గుండె మీద భారం తగ్గించి, నిదానంగా కొట్టుకోనిచ్చే గోలీ రోజూ వేసుకోవాలి. నొప్పి లేచినప్పుడు మాత్రం ఇంకో చిన్న గోలీ నాలుక కింద పెట్టుకోవాలి. నొప్పి లేదు కదా అని రోజు గోలీ ఆపొద్దని గట్టిగా చెప్పాడు. దేవయ్య పక్కనే ఉన్నాడు గానీ, ఆ మాటలు వినడం మానేసి, డాక్టరు మొహంలో అబద్ధమేమైనా ఉందా అని చూస్తూ కూర్చున్నాడు. విన్నది కోడలు తార.

తార మొగుడు దుబాయిలో ఉన్నాడు. ఇంట్లో చదువొచ్చింది ఆమెకొక్కతెకే కాబట్టి మందులు తేవడం, వేళకు ఇవ్వడం ఆమె మీద పడింది. అత్తాకోడళ్లు పొద్దంతా ఎదురెదురుగా కూర్చుని బీడీలు చుట్టేవాళ్లు. ఆకు కత్తిరించే దగ్గర అప్పుడప్పుడు మాటామాటా అనుకునేవాళ్లు. ఏ ఇంట్లో లేదు గనక? దేవయ్య మాత్రం ఆ మాటలన్నీ మనసులో దాచిపెట్టుకున్నాడు.

మందు మొదలయ్యాక కమలవ్వ నెమ్మదించింది. చేతులు చల్లగా ఉండేవి. కాసేపు బీడీలు చుట్టగానే అలసటగా ఉందని గోడకు ఆనుకునేది. ఆ మందుకు అలా ఉంటుంది, భయపడొద్దని డాక్టరు ముందే చెప్పాడని తార ఎన్నిసార్లు చెప్పినా దేవయ్య చెవికెక్కలేదు. ఇంటి పెత్తనం చేతికి తెచ్చుకోవడానికి ఈ పిల్ల అత్తను మూలన కూర్చోబెడుతోందేమోనన్న అనుమానం అతన్ని తినేసింది. పైకి అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఒక రోజు తార తెచ్చిన గోలీలు వేరే రంగులో ఉన్నాయి. ఇంతకాలం గులాబీ రంగువి, ఇప్పుడు పసుపుపచ్చవి. కంపెనీ మారింది గానీ మందు అదేనని మందుల దుకాణం గంగాదాస్ చెప్పాడట, ఆమె అదే చెప్పింది. దేవయ్య తలాడించాడు. కోడలు వంటింట్లోకి వెళ్లగానే ఒక గోలీ తీసి, రెండు బొటనవేళ్ల మధ్య పెట్టి పుటుక్కున విరిచాడు. పైన పచ్చగా ఉంది. లోపల తెల్లగా సుద్దలా ఉంది.

దొంగ దొరికిందనుకున్నాడు. గులాబీ గోలీని విరిచినా లోపల తెల్లగానే ఉండేదన్న ఆలోచన రావాలి కదా, రాలేదు. కోడలిని అడగలేదు, గంగాదాస్‌ను నిలదీయలేదు. గంజ్‌లో చేసినట్టే నోరు మూసుకుని సరుకు పక్కన పెట్టాడు. భార్యను పెరట్లోకి పిలిచి, తార ఇచ్చిన గోలీ మింగినట్టే చేసి చాటుగా ఉమ్మెయ్యమన్నాడు.

"పైన రంగు, లోపలంత సున్నం. నేను ఇరిచి సూసిన. నా మాట ఇను," అన్నాడు.

కమలవ్వ నమ్మింది. పసుపు విషయంలో ఊరు ఊరంతా నమ్మే మనిషిని పెళ్లాం నమ్మదా?

మొదట్లో ఆమె చేతులు వెచ్చబడ్డాయి, కాస్త హుషారు కూడా వచ్చింది. దేవయ్య లోలోపల మురిసిపోయాడు. ఇక కోడలు పోసిన చాయ్ రంగును కూడా గ్లాసు వెలుగులో పెట్టి చూసి గానీ తాగేవాడు కాదు.

వారం తిరిగిందో లేదో, ఒక పొద్దున బీడీల చాట ముందు కూర్చున్న కమలవ్వ ఛాతీ పట్టుకుని పక్కకు ఒరిగిపోయింది. ఒళ్లంతా చెమట. తార ఒక్క ఉరుకున పోయి నాలుక కింద పెట్టే గోలీ తెచ్చింది. దేవయ్య ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"ఏం పెడ్తున్నవ్? గిటియ్యి, నన్ను సూడనియ్యి."

"ఇడువు మామా. అత్తమ్మ పానం పోతది."

విడవలేదు. భార్య ప్రాణం కాపాడుతున్నానన్న నమ్మకంతోనే పట్టుకున్నాడు, అదీ ఘోరం. కమలవ్వే మొగుడి చేతిని రక్కి తోసేసింది. మాట రావట్లేదు, కోడలి వైపు మొహం తిప్పి నోరు తెరిచింది.

జీపులో నిజామాబాదు తీసుకుపోయారు. మందు ఆపారా అని డాక్టరు అడిగితే, ఒక్క పూట తప్పకుండా తన చేత్తోనే ఇస్తున్నానని తార చెప్పింది. డాక్టరు నమ్మలేదు. చదువుకున్నదానివి, మనిషిని చంపుకుంటావా అని నలుగురిలో కడిగేశాడు. తారకు కళ్లలో నీళ్లు తిరిగాయి. దేవయ్య డాక్టరు ముందుకొచ్చాడు.

"పిల్ల తప్పు లేదు సాబ్. ఆపింది నేను," అని మొత్తం చెప్పాడు.

చేదు తెలియకుండా, చూడగానే గుర్తుపట్టేటట్టు పైన రంగు పూత పూస్తారని, లోపల తెల్లగా ఉండటం కల్తీ కాదని డాక్టరు చెప్పాడు. ఇన్నాళ్లు మందు అదుపులో ఉన్న గుండె, మందు ఒక్కసారిగా ఆగితే పగ్గం తెగినట్టు పరుగెత్తుతుందని, అందుకే నొప్పి ఇంత గట్టిగా తిరగబడిందని చెప్పాడు. తార మామవైపు చూడలేదు.

కమలవ్వ బతికి ఇంటికొచ్చింది. ఒక మధ్యాహ్నం తార చుట్టిన బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానకు పోయింది. గోలీ వేళయింది. దేవయ్య తనే లేచి, పచ్చ గోలీ ఒకటి అరచేతిలో పెట్టుకుని, నీళ్ల చెంబుతో భార్య దగ్గరికి వెళ్లాడు.

కమలవ్వ గోలీ అందుకుంది. వాకిట్లోంచి పడుతున్న వెలుగులో ఇటు తిప్పి, అటు తిప్పి చూసింది. తర్వాత మొగుడి మొహం చూసింది.

"గిది అదేనా?"

"అదే," అన్నాడు దేవయ్య.

ఆమె గోలీని మళ్లీ అతని అరచేతిలోనే పెట్టేసింది.

"ఉండనియ్యి. తార వచ్చినంక ఏసుకుంట."